రాగి తీగ పోయి గాజు తీగ వచ్చాక: ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్‌తో పద్నాలుగు నెలలు

మా ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉందంటే చాలామంది నవ్వుతారు. మా అమ్మకు ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినా, అది మోగినప్పుడు తెర మీది పచ్చ గుండ్రాన్ని నొక్కాలా, పైకి జరపాలా అన్నది ఆవిడకు ప్రతిసారీ కొత్త ప్రశ్నే కాబట్టి, ఆవిడ లెక్కలో ఫోనంటే హాల్లో స్టూలు మీద తీగకు కట్టేసి ఉండేదే. విశాఖపట్నంలో మా వీధిని రెండేళ్ల కిందట డ్రైనేజీ పైపుల కోసం తవ్వినప్పుడు ఆ తీగ తెగింది. ఫిర్యాదులు ఇచ్చాం, తిరిగాం, తెగిన కేబుల్‌ను అతికించే ఉద్దేశం ఎవరికీ లేదని కొన్ని నెలలకు అర్థమై, ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఫైబర్ కనెక్షన్ తీసుకుని, దానితోపాటు వచ్చే ల్యాండ్‌లైన్‌కు మారాం. పద్నాలుగు నెలలు వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలా భాగం ఏ కంపెనీ తీగ పట్టుకున్నా ఎదురయ్యేవే.

కనెక్షన్ ఇవ్వడంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉదయం వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు స్తంభం మీదినుంచి సన్నని నల్ల తీగ లాగి, కిటికీ పక్కన బెజ్జం చేసి, లోపలి వెంట్రుకంత గాజు పోగును అతికించి, గోడకు ఒక తెల్ల పెట్టె బిగించి గంటలో వెళ్లిపోయారు. పాత ఫోను తీగను గోడకున్న పాత ఫోను డబ్బా (రోజెట్) నుంచి పీకి ఆ పెట్టె వెనక ఫోను గుర్తు ఉన్న రంధ్రంలో పెట్టగానే డయల్ టోన్ వచ్చింది. పన్నుతో కలిపి నెలకు దాదాపు అయిదు వందల ప్లానులో దేశంలో ఎక్కడికైనా మాట్లాడుకోవడం ఉచితం. ఫోను మాత్రం మనదే తెచ్చుకోవాలి. ఒకప్పుడు ఫోను కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇల్లు కాబట్టి, గంటలో ఫోను వచ్చిందంటే అమ్మ నమ్మలేదు. రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, "ఇది నిజం ఫోనేనా నాన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్న అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ తెల్ల పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఒకప్పుడు ఎక్స్ఛేంజీ చేసిన పనుల్లో కొన్ని ఇప్పుడు ఇది మన గోడ మీదే చేస్తుంది. రిసీవరు ఎత్తగానే వినిపించే డయల్ టోన్ ఊళ్లోంచి రావడం లేదు, ఈ పెట్టే పుట్టిస్తోంది. బెల్లు మోగించే విద్యుత్తు కూడా దీనిదే. అమ్మ మాట్లాడుతుంటే ఆ ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాసుకుంటుంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు. జీ.711 అనే ఈ పద్ధతి 1972 నాటిది. ఇంటర్నెట్ ఫోను అంటే అంతా కొత్తదనుకునేవాళ్లకు ఇది కాస్త ఆశ్చర్యం కలిగించవచ్చు. కొత్తదల్లా ఆ తరువాత జరిగేదే. ఇరవై మిల్లీసెకన్ల మాటను ఒక పొట్లంగా కట్టి, అలా సెకనుకు యాభై పొట్లాలను పంపుతుంది. ఒక్కో పొట్లంలో మాట 160 బైట్లయితే, దాని మీద రాసే చిరునామా, వరుస సంఖ్య వగైరాలు మరో 40 బైట్లు. గంటసేపు మాట్లాడినా రాకపోకలు రెండూ కలిపి 80 ఎంబీ దాటదు, కాబట్టి ఫోను వల్ల ఇంటర్నెట్ నెమ్మదిస్తుందేమోనన్న భయం అక్కర్లేదు.

పాత పద్ధతిలో, ఒకసారి కలిసిన కాల్‌కు పెట్టేసేవరకూ ఒక దారిని మొత్తంగా కేటాయించేవారు. మనం మౌనంగా కూర్చున్నా ఆ దారి మనదే. ఇప్పుడు దారి అందరిదీ. సినిమా చూసేవాడి పొట్లాలు, పరీక్ష రాసేవాడి పొట్లాలు, మా అమ్మ మాటల పొట్లాలు ఒకే తీగలో తోసుకుంటూ వెళతాయి, కొన్ని వెనకబడతాయి, కొన్ని దారిలోనే పోతాయి. అవతలి చివర వాటిని అందుకునే యంత్రం పెళ్లి భోజనాల దగ్గర వడ్డన చూసుకునే పెద్దమనిషిలా ప్రవర్తిస్తుంది: అందరూ వచ్చి కూర్చునేదాకా బంతిని కాసేపు ఆపుతుంది, మరీ ఆలస్యమైనవాళ్ల విస్తళ్లు తీయించేసి వడ్డన మొదలుపెడుతుంది. బంతిని ఎక్కువసేపు ఆపితే మాట నిండుగా వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. తక్కువసేపు ఆపితే వెంటనే వస్తుంది కానీ మధ్యమధ్య అక్షరాలు ఎగిరిపోతాయి. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం చెబుతుంది. అది దాటుతున్నకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగి "చెప్పు, చెప్పు" అనుకోవడం మొదలవుతాయి.

ధ్వని నాణ్యతకు వస్తే, ఈ కనెక్షన్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. రాగి తీగ రోజుల్లో నాలుగు చినుకులు పడితే చాలు, తీగలో గరగర మొదలై ఎండెక్కేదాకా పోయేది కాదు; గాజుకు ఆ జబ్బు లేదు. అదే కంపెనీ ఫోను ఉన్న మా చెల్లెలి ఇంటికి చేసినప్పుడైతే తేడా మరీ స్పష్టం. పాత ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే మోసేది. మన శ, ష, సలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసే సవ్వడిలో చాలా భాగం అంతకు పైన ఉంటుంది, అందుకే ఫోనులో పేర్లు చెప్పేటప్పుడు "స అంటే సముద్రంలో స" అని విడమరచవలసి వచ్చేది. రెండు వైపులా కొత్త తరహా కోడెక్, అంటే మాటను అంకెలుగా మార్చే పద్ధతి, ఉన్నప్పుడు ఈ పరిధి 7,000 హెర్ట్జ్ దాకా పెరుగుతుంది, దాంతో చెల్లి గొంతు పక్క గదిలోంచి మాట్లాడుతున్నంత నిండుగా వస్తుంది. ఇందుకోసం చేతిలోని పరికరం కూడా దానికి తగ్గదై ఉండాలి. అమ్మ పాత ఫోనుతో కాకుండా నేను కొన్న కార్డ్‌లెస్ ఫోనుతో విన్నప్పుడే నాకు ఈ తేడా తెలిసింది. వేరే కంపెనీ నంబరుకు చేస్తే రెండు నెట్‌వర్కులు కలిసే చోట మాట మళ్లీ పాత ఇరుకు దారిలోకే దిగుతుంది.

ఇక మొదటి నెలలో పడ్డ ఇబ్బందులు. అమ్మ నంబరు నొక్కుతుంది, నాలుగైదు సెకన్లు ఏ శబ్దమూ ఉండదు, పలకడం లేదని పెట్టేస్తుంది. ఇలా రెండు రోజులు జరిగాక, ఫోను పాడైందని తీర్మానించేసింది. జరిగిందేమంటే, పాత ఎక్స్ఛేంజీ అంకె అంకెకూ దారి కలుపుకుంటూ పోయేది. ఈ పెట్టె మాత్రం మనం నొక్కడం అయిపోయిందో లేదో తెలియక, ఇంకో అంకె వస్తుందేమోనని కాసేపు కాచుకుని, అప్పుడు నంబరు మొత్తాన్ని ఒకే సందేశంగా పంపుతుంది. చివర హ్యాష్ మీట నొక్కితే అది కాచుకోదు, వెంటనే పంపేస్తుంది. ఈ ఒక్క ముక్క బిగించిన కుర్రాళ్లు చెప్పలేదు, కంపెనీ ఇచ్చిన కాగితంలో లేదు, కాల్ సెంటర్‌లో మూడోసారి తగిలిన అమ్మాయి చెప్పింది. ఆమెకు నా కృతజ్ఞతలు. ఇప్పుడు అమ్మ డైరీలో ప్రతి నంబరు ముందూ సున్నా, వెనక హ్యాష్ గుర్తూ ఉన్నాయి. ఆ సున్నా ఈ కంపెనీ పెట్టింది కాదు. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి దేశమంతటా ఉంది.

రెండోది బ్యాంకు ఫోను. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటుంది, రెండు నొక్కితే విననట్టే మళ్లీ మొదటినుంచి చెబుతుంది. మీట నొక్కినప్పుడు వచ్చే ఆ కూతను మాటతో కలిపి పంపితే, దారిలో ఒక్క పొట్లం పోయినా అవతలి యంత్రానికి అది అంకెగా అర్థం కాదు. అందుకే నొక్కిన అంకెను ధ్వనిగా కాకుండా విడి సమాచారంగా పంపే ఏర్పాటు ఒకటి ఉంది. మా పెట్టెలో అది చేసి లేదు. దాన్ని సరిచేయించడానికి పదకొండు రోజులు, నాలుగు ఫిర్యాదు నంబర్లు పట్టాయి. సరిచేసింది మాత్రం ఎక్కడో కూర్చున్న ఒక ఇంజనీరు, అరనిమిషంలో, ఇంటికి రాకుండానే. ఈ సేవలో నాకు అన్నిటికన్నా చిరాకు కలిగించింది ఇదే. జబ్బు చిన్నది, మందు వాళ్ల చేతిలోనే ఉంది, కానీ ఫోను తీసినవారికి "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" తప్ప రెండో మాట నేర్పలేదు.

అసలైన లోటు కరెంటుది. పాత ఫోనుకు కావలసిన విద్యుత్తును ఎక్స్ఛేంజీయే 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రెండు రాగి తీగల మీదే పంపేది, అందుకే వీధంతా చీకటైనా ఫోను పలికేది. గాజు తీగ వెలుతురును మోస్తుంది కానీ విద్యుత్తును మోయలేదు. మన గోడ మీది పెట్టెకు మన ఇంటి కరెంటే దిక్కు. అది పోతే ఫోను పోయినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తరువాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరివాళ్లం కాబట్టి, ఈ సంగతి మాకు పుస్తకాల్లో చదివితే తెలిసేది కాదు. కనెక్షన్ అమ్మేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పరు. ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అనుకున్నాను. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో పెట్టె ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. దీపాలన్నీ ఒక్కొక్కటిగా వెలిగి ఫోను గుర్తు పక్కన పచ్చ దీపం నిలిచేసరికి దగ్గర దగ్గర మూడు నిమిషాలు. మాట్లాడుతున్న కాల్ ఎలాగూ తెగిపోతుంది. చివరికి పదిహేను వందలు పెట్టి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొని పెట్టెకు, ప్లగ్గుకు మధ్య పెట్టాను. అప్పటినుంచి కరెంటు పోయినా రెండున్నర గంటలు ఫోను నిలుస్తోంది. కార్డ్‌లెస్ ఫోను కొనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: దాని బేసుకు వేరే ప్లగ్గు ఉంటుంది, కరెంటు పోతే పెట్టె బతికినా బేసు చస్తుంది. ఇంట్లో తీగ ఉన్న ఫోను ఒకటి తప్పకుండా ఉంచుకోండి.

వీధిలో ఏముందో కూడా అడిగి తెలుసుకోవడం మంచిది. మా కనెక్షన్‌లో కంపెనీ ఆఫీసు నుంచి ఇంటిదాకా మధ్యలో ఉన్నది గాజు పోగును చీల్చే ఒక చిన్న డబ్బా మాత్రమే. దానికి విద్యుత్తు అవసరం లేదు, వెలుతురును అలాగే ముప్ఫై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతుంది. కొన్ని వీధుల్లో కేబుల్ ఆపరేటర్లు స్తంభం మీద కరెంటుతో నడిచే స్విచ్చు పెట్టి అక్కడినుంచి మామూలు తీగ లాగుతారు. అలాంటిచోట మన ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లు పెట్టుకున్నా ఆ స్తంభానికి కరెంటు పోతే ఫోను పోతుంది.

ఈ ల్యాండ్‌లైన్ నంబరునే మొబైల్‌లో మోగించే యాప్ ఒకటి కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ఇంట్లో లేనప్పుడు అమ్మకు వచ్చే కాల్స్ నేను అందుకోవచ్చని సంతోషించాను. వారం తిరగకుండానే వింత మొదలైంది: బెల్లు మోగుతుంది, ఎత్తితే నా మాట అవతలికి వెళుతుంది, అవతలి మాట నాకు రాదు. కాల్ వచ్చిందని కబురు చేసేది సిప్ అనే ఒక పద్ధతి. మాటలను మోసేది ఆర్‌టీపీ అనే మరో పద్ధతి. కబురు ఒక దారిన, మాట ఒక దారిన వస్తాయి. కంపెనీ పెట్టె వెనక నేను తగిలించుకున్న నా సొంత వైఫై రూటరు, సిప్‌కు సాయం చేస్తున్నాననుకుంటూ చిరునామాలు మార్చి రాసి, మాటల పొట్లాలను తప్పు తలుపుకు పంపుతోంది. రూటరు సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ అన్నదాన్ని ఆపేశాక కుదుటపడింది. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, కానీ ఇలాంటిది ఇంట్లో సొంతంగా వెతికి పట్టుకోలేనివాళ్ల సంగతేమిటి? ఎక్స్ఛేంజీ మన గోడ మీదికి వచ్చిందంటే, లైన్‌మన్ పని కూడా మన మీదే పడిందన్నమాట.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని అన్నయ్య అడుగుతాడు. అతను 1998లో న్యూజెర్సీ వెళ్లాడు. అప్పట్లో మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే కాల్స్ అన్నీ ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యంలో ఉండేవి. ఎస్టీడీ బూత్‌లో మీటరు అంకెలు పరుగెడుతుంటే అమ్మ మాటలు మింగేసి ఏడుపు ఆపుకుని పెట్టేసేది. అక్కడినుంచి అతను ఇండియన్ స్టోర్లో కొన్న కాలింగ్ కార్డు మీద పొర గీకి, చాటు నంబరు నొక్కి చేసేవాడు. అయిదు డాలర్ల కార్డు మీద రాసిన నిమిషాలకూ, నిజంగా వచ్చే నిమిషాలకూ పొంతన ఉండేది కాదు. ఆ కార్డుల్లో చాలావాటి వెనక నడిచిందీ ఇంటర్నెట్ దారే. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి చట్టం తలుపు తీసింది 2002 ఏప్రిల్ 1న; అదీ సగం తలుపే. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు, కంప్యూటరు నుంచి విదేశీ ఫోనుకు మాట్లాడవచ్చు కానీ, దేశంలోని మామూలు ఫోనుకు కలపకూడదు. 2003లో వచ్చిన స్కైప్ ఎందరో తల్లుల చేత మొదటిసారి వెబ్‌క్యామ్ ముందు చీర కొంగు సర్దించింది; 2025 మే 5న అది మూతపడింది. అన్నయ్య మాత్రం 2009లో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోను కంపెనీ నెలకు 24.99 డాలర్లకు మన దేశంతో సహా అరవైకి పైగా దేశాలకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ప్లాను పెట్టగానే అందులో చేరాడు. అప్పటినుంచి ఇద్దరూ గడియారం చూడటం మానేశారు. దేశంలోపల ఇంటర్నెట్ కాల్‌ను మామూలు ఫోన్లతో కలపడానికి దారి సుగమమైంది 2018లో. ఆ ఏడాదే బీఎస్ఎన్ఎల్ వింగ్స్ పేరుతో యాప్‌లోనే పదంకెల నంబరు ఇచ్చింది.

అన్నయ్య ప్రశ్నకు నా జవాబు ఇది: వాట్సాప్‌లో ధ్వని బాగుంటుంది, ఖర్చు లేదు, కానీ అది తన గోడల లోపల మాత్రమే ఫోను. గ్యాస్ ఏజెన్సీకి, మందుల షాపు పాత నంబరుకు, 108కి అందులోంచి చేయలేం. ఒక నంబరు ఉండటం, ఆ నంబరు ఎవరి ఫోనునైనా మోగించగలగటం వేరే వస్తువు. దేనితో చేసినా, దూరం సంగతి ఎవరూ మార్చలేరు. గాజులో వెలుతురుకు వెయ్యి కిలోమీటర్లకు అయిదు మిల్లీసెకన్లు పడుతుంది, సముద్రం కింది కేబుళ్ల వంకర దారుల్లో విశాఖ నుంచి న్యూజెర్సీ చేరేసరికే వంద మిల్లీసెకన్ల దరిదాపులకు వస్తుంది. ముందు చెప్పిన 150లో మిగిలిన యాభైలోనే యంత్రాలన్నీ తమ పని ముగించాలి.

నంబరు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక కూడా. ఇంటర్నెట్ కాల్‌లో, పిలిచేవారి నంబరు అన్నది సందేశంలో రాసి ఉండే ఒక పంక్తి మాత్రమే. మోసగాడు దాని చోట ఏదైనా రాయగలడు. విదేశాల్లో కూర్చుని మన దేశపు నంబరు కనిపించేలా చేసే కాల్స్‌ను అడ్డుకోవడానికి టెలికాం శాఖ 2024 అక్టోబరులో ఒక వ్యవస్థను ప్రారంభించింది కానీ, పెద్దవాళ్లున్న ఇంట్లో అదొక్కటే చాలదు. కనిపించే నంబరును చూసి నమ్మవద్దని అమ్మకు చెప్పాను. "కనిపించడానికి ఈ ఫోనుకి తెర ఎక్కడుంది?" అంది. నిజమే.

పోగొట్టుకున్నది ఒకటుంది: పాత నంబరు. మొబైల్ నంబరును కంపెనీ మారినా ఉంచుకునే వీలు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉన్నా, ల్యాండ్‌లైన్‌కు ఆ వీలు లేదు. 0891 తరువాత ఏడంకెలు మారిపోయాయి, పాత శుభలేఖల మీద, నాన్నగారి విజిటింగు కార్డుల మీద ఉన్న నంబరు ఇప్పుడు ఎవరినీ పిలవదు. పాత సంస్థే మీ వీధిలో ఫైబర్ ఇస్తుంటే ముందు అక్కడ అడగండి. ఎక్కువ సందర్భాల్లో నంబరు అదే నిలుస్తుంది. మా వీధికి వాళ్లు రాలేదు.

అయిదుకు నాలుగు ఇవ్వదగిన ఫోను ఇది. అమ్మే తీరుకు, ఫిర్యాదు తీసుకునే తీరుకు రెండున్నర. ఇంట్లో వైఫై పాస్‌వర్డు మార్చడం తెలిసినవారు ఒక్కరైనా ఉంటే, యూపీఎస్ ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో వేసుకుంటే, తీసుకోండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే, కనీసం మొదటి నెల ఎవరైనా దగ్గర ఉండాలి.

అటక మీద నాన్నగారి నల్ల డయలు ఫోను ఒకటి ఉంది. పోయిన నెల దించి, దుమ్ము తుడిచి, ఈ పెట్టెకు తగిలించి చూశాను. డయలు తిప్పితే పెట్టెకు అర్థం కాలేదు. మీటల కూతలు తప్ప ఆ పాత టకటకలను అది గుర్తించదు. కానీ సెల్ నుంచి చేసి చూస్తే, లోపలి ఇత్తడి గంట కాస్త నీరసంగానైనా మోగింది, ఎత్తితే మాట శుభ్రంగా వినిపించింది. ఇప్పుడు అమ్మ స్టూలు మీద రెండు ఫోన్లున్నాయి. చేయడానికి మీటల ఫోను, ఎత్తడానికి నల్ల ఫోను. ఆదివారం ఉదయం అన్నయ్య చేసే వేళకు ఆ మీటల ఫోను పిన్ను తనే పీకేస్తుంది, నల్లదాని గంట నీరసపడకుండా.